పప్పు ఉడికే నీళ్ళు

పెళ్ళి సంబంధం అనగానే పెద్దవాళ్ళు కట్నకానుకలూ ఆస్తిపాస్తులూ ఆరా తీస్తారని మేము నవలల్లో రాస్తూ వుంటాం. మా అమ్మమ్మ అడిగే మొదటి ప్రశ్న అదేదీ కాదు. "ఆ ఊళ్ళో పప్పు ఉడుకుతుందా?" అనేది. మేము అక్కచెల్లెళ్ళం ఓణీ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళం.

ఆవిడ నవ్వేది కాదు. కాపరానికి వెళ్ళిన కొత్తలో మూడేళ్ళపాటు ఒక ఉప్పునీళ్ళ ఊళ్ళో వండి వార్చిందట. పొద్దున్నే పొయ్యి మీదికి ఎక్కించిన కందిపప్పు మధ్యాహ్నం పన్నెండయినా పలుకు పలుకుగానే వుండేదట. మగవాళ్ళు కంచాల ముందు కూర్చుని "ఇంకా కాలేదా?" అని అరవడం, ఈవిడ పొయ్యి ఊదుతూ కళ్ళు తుడుచుకోవడం. "ఆ కళ్ళనీళ్ళు పొగవల్ల వచ్చాయనుకునేవారే తల్లీ!" అనేది.

నాకు చీపురుపల్లి సంబంధం వచ్చినప్పుడూ ఆ ప్రశ్న తప్పలేదు. మధ్యవర్తిగా వచ్చిన పెద్దమనిషి అబద్ధం ఆడలేక, నిజం ఒప్పుకోలేక, ఉత్తరీయం సవరించుకుని, "ఏ నూతినీళ్ళు పోసి వండారన్నదాన్ని బట్టి వుంటుందండీ" అన్నాడు. మా అమ్మమ్మకి ఆ జవాబు బొత్తిగా నచ్చలేదు. ఇన్నేళ్ళ తర్వాత నాకు మాత్రం, రాతినేల మీద వెలిసిన ఊళ్ళ గురించి ఇంతకంటె సరైన మాట ఎవరూ చెప్పలేరనిపిస్తుంది.

మా అత్తవారింట్లో రెండు నూతులున్నాయి. వీధివైపు ఒకటి, పెరట్లో ఒకటి. రెండింటికీ మధ్య దూరం మహా అయితే అరవై అడుగులు. వీధి నూతినీళ్ళు నోట్లో పోసుకుంటే కాస్త ఉప్పన, కాస్త బరువు. సబ్బు అరిగిపోవాలే గాని నురగ రాదు, తెల్లటి పిప్పిలాంటిది తేలుతుంది. కాచిన గిన్నె అడుగున సున్నంలాగ తెట్టు కడుతుంది. కందిపప్పు ఆ నీళ్ళలో పోశామంటే ఆ పూటకి ఇంక చారుతో సరిపెట్టుకోవలసిందే. పెరటి నూతినీళ్ళు అలా కాదు. కొబ్బరినీళ్ళే అనుకోండి. పప్పు మూడు పొంగులకి మెత్తబడుతుంది. కాఫీకి రుచి వస్తుంది. వీధిలో దానికి "పప్పు నుయ్యి" అనే పేరు. ఎవరింట్లో వ్రతమైనా, అన్నప్రాశనైనా, ముందుగా బిందె పట్టుకుని మా పెరటి తలుపు తట్టేవారు. మా అత్తగారు ఆ నుయ్యి గురించి చెబుతూ వుంటే కడుపున పుట్టిన పెద్దకొడుకు గురించి చెబుతున్నట్టే వుంటుంది. ఆ పెద్దకొడుకు మా వారే గనుక, రెండింటిలో ఎవరు ఎక్కువ తియ్యన అన్న వివాదంలోకి నేను దిగను.

ఊళ్ళోకి కొళాయిలు వచ్చాయి, బోర్లు వచ్చాయి, ఇరవై లీటర్ల డబ్బాలు ఆటోలెక్కి వచ్చాయి. ప్రెషర్ కుక్కర్ వచ్చి పప్పు ఉడకని బాధే తీర్చేసింది. అయినా మా ఇంట్లో తాగడానికీ వండడానికీ పెరటి నూతినీళ్ళే. చాంతాడూ గిలకా పోయి మోటారు వచ్చింది, అంతే తేడా.

అరవై అడుగుల దూరంలో నీళ్ళు ఇంత మారిపోవడం ఏమిటని నాకు మొదటినుంచీ వింతగానే వుండేది. బి.ఏ.లో చరిత్ర, తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని. నీళ్ళంటే నాకు తెలిసినవి ప్రబంధాల్లోని జలక్రీడలు. మా వారి స్నేహితుడొకాయన భూగర్భజలాల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఒక సంక్రాంతికి మా ఇంటికి వచ్చి, అరిసెలు తింటూ ఆయన చెప్పిన సంగతులూ, తర్వాత నేను పుస్తకాలు తిరగేసి తెలుసుకున్న సంగతులూ కలిపి చెబుతాను. విసుక్కోకండి. ఇదంతా చివరికి మన వంటింటి వ్యవహారమే.

భూమి అడుగున ఒక నది పారుతూ వుంటుందనీ, నుయ్యి తవ్వితే ఆ నది తగులుతుందనీ మనలో చాలామందికి ఒక ఊహ. గోదావరి లంకల్లోనో, ఏటి ఒడ్డు ఇసుకలోనో ఎక్కడ తవ్వినా నీరే గనుక అక్కడివాళ్ళకి ఆ ఊహ కొంతవరకు చెల్లుతుంది. చీపురుపల్లి సంగతి వేరు. అటు నాగావళి, ఇటు చంపావతి, మధ్యన మెట్టనేల మీద కూర్చున్న ఊరు మాది. అడుగున వున్నది తూర్పు కనుమల రాయి. నూరుకోట్ల ఏళ్ళకి అటూ ఇటూగా వయసున్న రాయి. దాన్ని ఖోండలైటు అంటారు. వాకర్ అనే శాస్త్రజ్ఞుడు 1902లో ఒరిస్సా కొండల్లోని ఖోండు గిరిజనుల పేరుమీద ఆ పేరు పెట్టాడు. సింహాచలం కొండా ఈ రాయే, కోణార్క గుడి కట్టిందీ ఈ రాతితోనే. మా పక్కనే గరివిడి, కోడూరు, గర్భాం వైపు ఈ రాళ్ళ మధ్యన నల్లటి మాంగనీసు వుంది. 1890ల నుంచే అక్కడ తవ్వకాలు సాగాయి. ఫెర్మర్ అనే ఆయన 1909లో మన దేశపు మాంగనీసు మీద అచ్చువేసిన పెద్ద గ్రంథంలో కోడూరైటు అనే రాయి గురించి రాశాడు. అది మా కోడూరు పేరే. తన పేరు మీద ఒక రాయి వుండే యోగం ఎన్ని ఊళ్ళకి పడుతుంది చెప్పండి! చీపురుపల్లికి ఆ యోగం లేకపోయింది, చీపురుతో సరిపెట్టుకున్నాం.

గట్టిరాయిలో నీరు నిలవడానికి చోటుండదు. మరి నుయ్యి ఎలా ఊరుతుంది అంటారా? రెండు విధాలుగా. రాతి పైభాగం లక్షల ఏళ్ళు ఎండకి ఎండి వానకి నాని, పుచ్చిపోయి, మొరంగానూ ఎర్రమట్టిగానూ సుద్దగానూ మారింది. ఈ పుచ్చుపొర సాంబారులో వేసిన ఇడ్లీలాంటిది. మెల్లగా పీల్చుకుంటుంది, మెల్లగా వదులుతుంది. సుద్ద ఎక్కువైతే మరీను. కడుపునిండా నీరు పెట్టుకుని కూడా చుక్క రాల్చదు, పిసినారి పెదనాన్నగారిలాగ. ఇంక దానికింద గట్టిరాయి. అందులో అక్కడక్కడ పగుళ్ళు. పాత ఆవకాయ జాడీకి సన్నని బీట పడితే నూనె ఆ బీట వెంబడే నడిచి ఎక్కడో అడుగున తేలుతుంది చూడండి, అలాగే నీరు ఆ పగుళ్ళ వెంబడి నడుస్తుంది. బీట తగిలిన చోట బోరు పొంగుతుంది. దానికి పదడుగుల అవతల వేస్తే దుమ్ము లేస్తుంది. మా వీధిలో ఒకాయన మూడు బోర్లు వేయించి మూడింట్లోనూ తెల్లదుమ్మే చూశాడు. ఎదురింటాయనకి మొదటి బోరులోనే జల పడింది. అప్పటినుంచి ఆ రెండిళ్ళకీ మాటల్లేవు. రాతిలో బీట ఇంత పని చేసింది!

మన పూర్వులకి ఈ సంగతి కొంత తెలుసు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో నీటిజాడ కనిపెట్టడానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. మనిషి ఒంట్లో నరాలున్నట్టే భూమిలో నీటినాళాలు వుంటాయన్నాడు. ఏ చెట్టుకి ఏ దిక్కున పుట్ట వుంటే ఎంత లోతున నీరు పడుతుందో లెక్కలు కూడా చెప్పాడు. పుట్టల సంగతికి నేను పూచీ పడలేను గాని, రాతిసీమలకి ఆ నరాల పోలిక అతికినట్టు సరిపోతుంది. ఇప్పటికీ మా వైపు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగే మనిషిని పిలుస్తారు. కాయ నిక్కి నిలబడిన చోట తవ్వమంటాడు. జల పడితే ఆయన మహిమ, పడకపోతే మన కర్మ.

సరే, రుచుల మాట. మా జిల్లాలో ఏడాదికి సుమారు 1100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఇలాంటి రాతినేలలో అందులో పదోవంతు లోపలికి ఇంకితే గొప్ప. ఇంకిన నీరు రాతితో ఎన్నాళ్ళు కాపరం చేసిందన్నదాన్ని బట్టి దాని రుచి వుంటుంది. మా వీధి నుయ్యి లోతు ఎక్కువ, అడుగు గట్టిరాతిలోకి దిగింది. దానిలో ఊరేది పగుళ్ళలో ఏళ్ళ తరబడి నలిగిన ముసలినీరు. రాతిలోంచి కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుని బరువెక్కి వస్తుంది. పప్పుగింజ లోపల కణాలని అతికిపట్టి వుంచే పెక్టిన్ అనే జిగురు వుంటుంది. నీళ్ళలోని కాల్షియం దాన్ని ఇంకా బిగించేస్తుంది. మా అమ్మమ్మ కళ్ళనీళ్ళకి కారణం అదన్నమాట. చిటికెడు వంటసోడా వేస్తే పప్పు మెత్తబడేదీ ఈ జిగురు వదలడం వల్లే. ఇంతకీ ఇలాంటి బరువు నీళ్ళు తాగితే ఆరోగ్యానికి చెరుపని ఎక్కడా తేలలేదు. సబ్బుకీ, గిన్నెలకీ, గృహిణి ఓపికకీ తప్ప.

పెరటి నుయ్యి లోతు తక్కువ. అది పుచ్చుపొరలోనే ఆగిపోయింది. మొన్నమొన్నటి వాననీరు మట్టిలోంచి దిగి దాంట్లో చేరుతుంది. రాయిని కరిగించుకునే తీరిక దానికి లేదు. అందుకే తియ్యన.

ఇదంతా చెప్పి ఆ పెద్దమనిషి పెరట్లో చెయ్యి కడుక్కుంటూ అటూ ఇటూ చూశాడు. చూసి, నెమ్మదిగా, "అమ్మా, పైనించి తొందరగా దిగే నీరు గనకే మీ పెరటి నుయ్యి తియ్యగా వుంది. మరి పైన ఏం పారబోసినా అది కూడా అంత తొందరగానూ దిగుతుంది" అన్నాడు. మా అత్తగారు వినలేదు. ఆవిడ ఆయనకి కట్టివ్వడానికి అరిసెలు లెక్కపెడుతోంది.

ఆ మాట నేను మరిచిపోయేదాన్నేమో గాని 2024 అక్టోబరు వచ్చింది. మా పొరుగునే వున్న గుర్లలో అతిసారం చెలరేగింది. కలుషితమైన తాగునీరే కారణమన్నారు. వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. కొందరు తిరిగి రాలేదు. పేపర్లో ఆ ఊరి పేరు చూసిన రోజు నాకు విశాఖపట్నంలో అన్నం సయించలేదు. ఎక్కడో ఆఫ్రికాలో జరిగితే అయ్యో అనుకుని పేజీ తిప్పేస్తాం. ఇది మా అత్తగారు పసుపుకుంకాలకి పేరంటాలు పిలిచే దూరంలో జరిగింది.

ఆ మరుసటి ఏడు మా మరిది కూతురు తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. సాయంగా వుంటానని నేనూ వెళ్ళాను. తలుపు తీస్తూనే మా తోడికోడలు, "వచ్చావా అక్కా, అత్తయ్యగారు పురిటికి సామానంతా సిద్ధం చేసేశారు" అంది. వెల్లుల్లి, వాము, పాతబెల్లం, పిల్లకి ఒళ్ళు తుడవడానికి మెత్తటి పాతచీరెలు. వాటితో పాటు ఆవిడ సిద్ధం చేసిన శాసనం ఇంకొకటి వుంది. బిడ్డ భూమ్మీద పడగానే నోట్లో పెరటి నూతినీళ్ళు కాచి, చల్లార్చి, పంచదార కలిపి నాలుగు చుక్కలు పొయ్యాలి. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ ఆవిడ చేతిమీదుగా అలాగే జరిగిందిట. మా వారితో సహా.

నేను అంతకుముందు చదివిన ఒక సంగతి నా గుండెలో రాయిలా పడి వుంది. 1945లో అమెరికాలో ఐయోవా రాష్ట్రంలో కామ్లీ అనే పిల్లల డాక్టరు దగ్గరికి పల్లెల నుంచి పసిబిడ్డల్ని తెచ్చేవారు. బిడ్డ ఒళ్ళు నీలంగా తిరిగిపోయి వుండేది. గుండెలో లోపం వుందా అంటే లేదు. చివరికి తేలిందేమిటంటే, ఆ ఇళ్ళలో పాలపొడి కలిపింది పెరటి నూతినీళ్ళతో. ఆ నూతుల పక్కనే పశువులశాలలు. పేడా మూత్రమూ మట్టిలో ఇంకి నైట్రేటుగా మారి నూతిలో చేరింది. పసిబిడ్డ కడుపులో అది రక్తాన్ని ప్రాణవాయువు మొయ్యనివ్వకుండా చేస్తుంది. నైట్రేటుకి రుచి తెలియదు, వాసన లేదు, రంగు లేదు. కాచితే పోదు సరికదా, ఆవిరైపోయిన నీటి మేరకి చిక్కబడుతుంది. బిడ్డ క్షేమం కోరి పావుగంట ఎక్కువ కాచిన తల్లి ఎక్కువ విషం పోసినట్టే! మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఇది 45 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఈ సంగతి అత్తగారికి ఎలా చెప్పడం? ఆవిడ నుయ్యి మీద అపనింద వేసినట్టే కదా. మా తోడికోడలు తెలివైనది. "మనం చెప్పొద్దు అక్కా, సీసా చేత చెప్పిద్దాం" అంది.

2019లో జల జీవన్ మిషన్ మొదలయ్యాక ఊరికి అయిదుగురు చొప్పున ఆడవాళ్ళకి నీటిపరీక్ష నేర్పించారు. అలా నేర్చుకున్న పిల్ల ఒకతె మా వీధి చివరే వుంది. కబురుపెడితే చిన్న పెట్టె చంకన పెట్టుకుని వచ్చింది. అందులో మందుసీసాలూ, గాజుగొట్టాలూ, రంగుల అట్టలూ. మా అత్తగారు నూతిపళ్ళెం మీద పీట వేసుకుని కూర్చుంది, కాపలాకి.

"ఏమిటే ఇది? డెబ్బయ్యారేళ్ళ దాన్ని, ఈ నీళ్ళు తాగే ఇంతదాకా వచ్చాను. ఈ సీసాల గుంట వచ్చి నా నుయ్యికి పరీక్ష పెడుతుందా?"

ఆ పిల్ల నవ్వేసింది. "నీరు సూడ్డానికి బాగుంటే సరిపోదండి మావ్మగారూ. సుక్క మందేస్తే అప్పుడు దాని గుట్టు బయటపడతాది."

మొదట కఠినత్వం చూసింది. రంగు మారేదాకా చుక్కలు లెక్కపెట్టాలి. వీధి నూతినీళ్ళకి చుక్కలు పడుతూనే వున్నాయి, పడుతూనే వున్నాయి. పెరటి నీళ్ళకి కొద్ది చుక్కలకే రంగు తిరిగింది. మా అత్తగారి మొహం వెలిగిపోయింది. "చూశావటే పెద్దమ్మాయ్!" అంది నావైపు తిరిగి. ఫ్లోరైడు రెండింట్లోనూ హద్దులోనే వుంది. మూడోది నైట్రేటు. వీధి నీళ్ళు లేతగులాబీ రంగు కూడా సరిగ్గా తిరగలేదు. పెరటి నీళ్ళు చూస్తుండగానే ముదురురంగు కట్టాయి. అట్ట మీద 45 గడి దాటి అవతలి గడితో సరిపోయింది. ఆ పిల్ల ఏమీ అనలేదు. ఇంకోసారి చేసింది. మళ్ళీ అదే.

ఇంక నాలుగోది క్రిములకి. దానికి వేరే సీసా. నీళ్ళు నింపి మూతపెట్టి వెచ్చటి చోట ఒకటి రెండు రోజులు వుంచాలి. మలకాలుష్యం వుంటే నీరు నల్లబడుతుంది. రెండు సీసాలూ వంటింటి కిటికీలో పెట్టాం. మర్నాడు సాయంత్రానికి వీధి నూతి సీసా ఎలా వున్నది అలాగే వుంది. పెరటి నూతి సీసా మా అత్తగారి కాటుక్కాయలాగ అయింది.

పప్పు ఉడకని నుయ్యి నెగ్గింది, పప్పు నుయ్యి ఓడిపోయింది.

కారణం వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేకపోయింది. మా పెరడు వెనకవైపు ఎత్తు. గోడకి అవతల పక్కింటివాళ్ళ మరుగుదొడ్డి గుంత వుంది. ఇవతల మా పాత పశువులశాల, పేడకుప్ప వుండే జాగా. నేల మీద నీరు పల్లానికి పారినట్టే, చాలాచోట్ల నేలలోపలి నీటిమట్టం కూడా పైనేల వాలునే అనుసరిస్తుంది. మెల్లగా, రోజుకి బెత్తెడో మూరెడో చొప్పున మట్టిలోంచి దిగుతుంది. నాకు వింతగా తోచింది ఒకటే. ఆవుని అమ్మేసి ఎనిమిదేళ్ళయింది. పేడకుప్ప ఆనవాలు కూడా లేదు. మేమందరం మరిచిపోయాం, నేల మరిచిపోలేదు. అంత మెల్లగా కదిలే నీరు చెడడానికి ఎన్నేళ్ళు పడుతుందో బాగుపడడానికీ అన్నేళ్ళు పడుతుందిట. బ్లీచింగు పొడి వేస్తే క్రిములు చస్తాయి, నైట్రేటు నవ్వుకుంటూ కూర్చుంటుంది.

వీధి నుయ్యికి ఏ దోషమూ రాదని మాత్రం అనుకోకండి. లోతునీళ్ళ గొడవలు లోతునీళ్ళకి వున్నాయి. రాయి ఏదైతే నీరు ఆ గుణం పుణికిపుచ్చుకుంటుంది. నల్గొండ వైపు గ్రానైటు రాళ్ళలోని ఫ్లోరైడు నీళ్ళలోకి దిగి ఎందరి నడుములు వంచిందో మనకి తెలుసు. మన దేశంలో ఆ వ్యాధిని మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో. మాంగనీసు ఎక్కువైన నీళ్ళు తెల్లబట్టలకి నల్లమరకలు పెడతాయి. ఇనుము ఎక్కువైతే టీ సిరాలాగ నల్లబడుతుంది. ఇవి నయం, కనీసం కంటికి కనిపిస్తాయి. ఫ్లోరైడు అదీ కాదు, నైట్రేటులాగే దొంగ.

నీటిపరీక్ష సంగతి పొక్కగానే మా వీధిలో అందరికీ ఉద్దానం భయం పట్టుకుంది. "మాకూ కిడ్నీలు పోతాయేటండీ?" అని అడగడం మొదలుపెట్టారు. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు కొబ్బరితోటల సీమలో వేలమంది మూత్రపిండాల జబ్బుతో తీసుకుపోతున్నారు. ఎన్నో బృందాలు వచ్చి నీళ్ళు, మట్టి, రక్తం పరీక్షించాయి. అనుమానాలు చాలా వున్నాయి గాని ఇదీ కారణమని శాస్త్రజ్ఞులు ఇంతవరకు తేల్చలేదు. అయినా జనం ఆగలేరు కదా. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో వంశధార నీరు ఆ ఊళ్ళకి తెచ్చారు. మా వీధివాళ్ళకి నేను చెప్పింది, మన గొడవ మన పెరట్లోది, దాన్ని తీసుకెళ్ళి ఉద్దానానికి అంటగట్టొద్దని. ఎంతమంది విన్నారో!

"అయితే అందరం డబ్బానీళ్ళు కొనేద్దాం" అన్నాడు మా మరిది. నాకా డబ్బానీళ్ళ పేరు చూస్తేనే నవ్వొస్తుంది. నేలలోని ఖనిజాలన్నీ జల్లెడపట్టి తీసేసి, దానికి మినరల్ వాటర్ అని పేరు! ఆ నీరు కూడా ఎక్కడినుంచో రాదు, ఇక్కడి బోరులోంచే వస్తుంది. ఒక బిందె శుభ్రం చెయ్యడానికి ఇంకో బిందెడో, అంతకెక్కువో కాలవలోకి వదిలేస్తారు. ఆ బోర్లు లోతుకి పోయేకొద్దీ వెనకటి తరం తవ్విన నూతులు ఎండుతున్నాయి. బోరు వెయ్యడానికి అనుమతి కావాలని 2002లో వాల్టా చట్టం వచ్చింది. అది కాగితం మీద చల్లగానే వుంది. అయినా ఏ దారీ లేనప్పుడు ఆ డబ్బాయే దిక్కు, కాదనను. మాకు పంచాయతీ కొళాయి వుంది గనుక, ఆ నీళ్ళు కూడా పరీక్ష చేయించి, కాచి వాడుకోవడం మొదలుపెట్టాం.

ఇక బిడ్డ మాట. మా పిల్లని చూసే డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. ఆరునెలల దాకా తల్లిపాలే. మంచినీళ్ళు కూడా చుక్క వద్దు. ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పేదీ ఇదే. తల్లిపాలలోనే బిడ్డకి కావలసినంత నీరుంటుంది. "ఎండాకాలం కూడానా?" అన్నారు మా అత్తగారు. "ఎండాకాలం కూడానండీ." ఆవిడ ఇంకేమీ అడగలేదు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నూతిపళ్ళెం మీద అదే పీట వేసుకుని కూర్చునేది. ఆ నుయ్యిని ఆవిడ మామగారు తవ్వించారు. కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఆవిడకి ఇంట్లో తనదంటూ దొరికిన చోటు ఆ నూతిగట్టు ఒక్కటేనట. అత్తగారు వంటిల్లు విడిచిపెట్టేది కాదు, మామగారు వసారా విడిచిపెట్టేవారు కాదు. పప్పునీళ్ళకి వచ్చే అమ్మలక్కలతో ఆ గట్టు మీద చెప్పుకున్న కష్టసుఖాలతోనే ఆవిడ ఈ ఊరిమనిషి అయింది. ఈ సంగతి నాతో ఆవిడ చెప్పలేదు. మా తోడికోడలు చెప్పింది.

మూడోనాడు ఎదురువరస ఇంటావిడ మనవడి అన్నప్రాశనకని బిందె పట్టుకుని వచ్చింది. మేమిద్దరం వంటింట్లో ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాం. మా అత్తగారు మోటారు తనే వేసింది. బిందె నిండుతుండగా అంది కదా, "ఏమే, పప్పుకి వాడుకో, దేవుడి సామాను కడుక్కో. మరిగే పప్పులో పురుగేదీ బతకదు, పెద్దవాళ్ళ ఒళ్ళు కొంత తట్టుకుంటుంది. గుంటడి నోట్లో మాత్రం ఈ నీళ్ళు చుక్క పొయ్యకు, కాచినా సరే. ఇది కుర్రనీరే. పైన ఏముంటే అది గబగబా దింపేసుకుంటుంది. వీధి నూతిది ముసలినీరు, వడగట్టి వడగట్టి దిగుతుంది."

అంటే ఆవేళ అరిసెలు లెక్కపెడుతూనే అంతా విన్నదన్నమాట!

వారం తిరిగేసరికి ఆవిడే ఆ మాట వీధంతా చెప్పేసింది. మేము చెబితే పట్నం కోడళ్ళ షోకులనేవారు. ఆవిడ చెబితే కాదనే నోరు లేదు. పక్కింటివాళ్ళు మాత్రం గుంత మాట ఎత్తేసరికి మొహం ముడుచుకున్నారు. తరతరాలుగా మీ పశువులు తొక్కిన నేల, నింద మా మీదా, అన్నారు. అందులోనూ న్యాయం వుంది. గుంత జరపాలంటే ఖర్చు, జాగా, రెండూ కావాలి. కిందటి నెల దాకా ఆ ఇంటినుంచి పలకరింపు లేదు.

మా పిల్లకి ఆడపిల్ల పుట్టింది. తల్లిపాలు తాగుతూ, వీధి నూతి బరువునీళ్ళు పోసుకుంటూ బొద్దుగా వుంది. మొన్న మధ్యాహ్నం నీళ్ళపిల్ల వానలు వెలిశాక మళ్ళీ చూద్దామని పెట్టె పట్టుకుని వచ్చింది. పెరటి తలుపు చప్పుడైంది. తీసి చూస్తే పక్కింటావిడ. కొంగు చాటున పాత పండ్లరసం సీసా, తోమి తోమి మెరిపించినది. అందులో వాళ్ళ బోరునీళ్ళు.

"ఇందులో పనికిరాదండి అమ్మా, మా సీసాతోటే పట్టాల" అంది ఆ పిల్ల. "గురువారం వస్తాను. అందాక ఈ నీరు గుంటలకివ్వకండి."

"గురువారం మేముంటాం" అంది పక్కింటావిడ. మా అత్తగారు కూర్చున్న పీట కొంచెం పక్కకి జరిపి, గట్టు మీద చోటు చూపించింది.